గోల్ ఎవరు కొట్టిన్రు అని అడగకండి

ఈసారి వడ్ల ధర గురించి కాదు, పిల్లల ఫుట్‌బాల్ గురించి రాస్తున్న. నేను కోచ్‌ను కాదు. శామీర్‌పేట దగ్గర మా చెలకల మక్క కోసినంక పిల్లలు సాయంత్రం పూట ఆడుకుంటరు. రెండేండ్లుగా గట్టు మీద కూసొని చూస్తున్న. చూసిందే చెప్తున్న.

పోయిన ఎండకాలం మేడ్చల్ దిక్కు పిల్లలతో మ్యాచ్ పెట్టుకున్నరు. మా అన్న బిడ్డ ఏడో తరగతి. ఆటంతా కుడి అంచున చెయ్యి లేపి నిలబడ్డది. బాల్ యాడుంటే ఆడ పది మంది మూగుతున్నరు. గట్టు మీద మేము "కొట్టురా, కొట్టు" అని ఒర్రుడే. అయిపోయినంక "ఎన్నిసార్లు అందింది బిడ్డా?" అంటే, "రెండుసార్లే చిన్నాయినా. రేపటిసంది నేను రాను" అన్నది.

ఆ మాట గుచ్చుకున్నది. తూము కాడి మళ్లే నీళ్లన్నీ తాగి ఆఖరి మడి ఎండితే, తప్పు ఆఖరి మడిదా?

పిల్లలకు నేర్పే తమ్ముడు కాలేజీ టీముల ఆడినోడు. ఆయనకు చెప్పిన. మర్నాడు సున్నంతో చెలకను నిలువునా మూడు పట్టీలు చేసిండు. నడుమ నలుగురికి నలుగురు. రెండు అంచు పట్టీలల్ల ఒక్కొక్కరే, వాళ్లను ఎవరూ అడ్డుకోవద్దు. ఎవరైనా బాల్‌ను మూడుసార్లకు మించి తాకొద్దు. అంచు నుంచి వచ్చిన పాస్‌తో గోల్ పడితే రెండు లెక్క. వారం తర్వాత అంచుకు కూడా ఒక అడ్డుకునేటోన్ని పంపిండు. అప్పుడు అసలు సంగతి పిల్లలకే తెలిసింది. అంచుకు బాల్ పోతే అవతలోళ్లు అటు గుంజుకపోతరు, నడుమ జాగ దొరుకుతది. "పాస్ ఇయ్యి" అని ఒర్రే పని లేదు.

క్రాస్ కూడా గాల్లకు లేపొద్దన్నడు. గీత దాకా పోయి నేల మీదనే వెనక్కి ఇయ్యాలె. చిన్న తలకాయలకు హెడ్డింగ్ ఎందుకు? అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లనే పదేండ్ల లోపు పిల్లలకు దాన్ని ఆపేసింది.

ఇదేం కొత్త విద్య కాదు. మన హైదరాబాద్ రహీం సాబ్, బడి పంతులుగా చేసినాయన, డ్రిబ్లింగ్ లేకుండ పోటీలు పెట్టి పిల్లలకు పాస్ నేర్పిండు. ఆయన టీమే 1956 ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962ల జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. ఫైనల్‌ల దక్షిణ కొరియా మీద 2-1. ఆ టీముల ఆడిన తులసీదాస్ బలరాం పుట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడల. మనకేం దూరం? ఇయ్యాల దేశం తరఫున అంచున ఉరుకుతున్న గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ.

మరి మన పిల్లలకు అంచు యాడుంది? కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా రోడ్డు పొంటి గంటకు కిరాయి కట్టే టర్ఫ్‌లు వచ్చినయ్. చుట్టూ నెట్టు. చిన్న పాస్‌లకు మంచిదే, కాదనను. కానీ అంచు పొంటి ఉరికేటందుకు జాగ లేదు. 105 మీటర్ల పొడుగు, 68 మీటర్ల వెడల్పు ఉండే పెద్ద గ్రౌండ్ అంటే సుమారు ఎకరం ముప్పై గుంటలు. ఇక్కడ భూమిని గజాల లెక్కన అమ్ముతున్నరు. మా చెలక ఎన్నేండ్లు ఉంటదో నాకే తెల్వది. హకీంపేటల సర్కారు స్పోర్ట్స్ స్కూల్ ఉన్నది నిజమే, అది ఎంపికైన పిల్లలకు. మిగతా పిల్లల సంగతేంది? సర్కారు బడుల గ్రౌండ్లు సాయంత్రం అయిదు నుంచి పొద్దుగూకే దాకా తెరవాలె. ఖర్చు ఎంత? ఒక సున్నం బస్తా, గేటు తాళం తీసే మనిషి.

నెల తర్వాత మేడ్చల్ పిల్లలతో మళ్లా ఆడిన్రు. 3-1తో ఓడిపోయిన్రు. ఆ ఒక్క గోల్ మా బిడ్డ గీత దాకా ఉరికి వెనక్కి ఇచ్చిన బాల్‌తోనే పడ్డది. మా అన్న ఫోన్ చేసి "గోల్ ఎవరు కొట్టిన్రు?" అన్నడు. "పాస్ ఎవరిచ్చిన్రో అడుగన్నా" అన్న.

మీ ఇంట్ల పిల్లలు ఆడొస్తే మీరు కూడా అదే అడగండి.