మోదీ గారిని విమర్శిస్తే క్రైస్తవ పక్షపాతమా?



మా బరంపురం సంఘంలో యౌవనస్థుల కూడిక ముగిశాక ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగాడు: "అయ్యగారూ, మోదీ గారి మాట వచ్చినప్పుడల్లా మీరు తప్పులే చెబుతారు. నిజంగా అన్నీ తప్పులేనా? మనం క్రైస్తవులం కాబట్టి మనకు అలా కనిపిస్తాయా?"

ముందు మాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి మేము మాట్లాడినవి, వాట్సాప్‌లో పంపినవి గుర్తు చేసుకున్నాక సిగ్గు వేసింది.

ఉదాహరణకు 2002 గుజరాత్ అల్లర్లు. ప్రసంగ వేదిక మీద నుంచే మేము ఒకసారి "హంతకుడు" అన్న మాట వాడాం. సుప్రీంకోర్టు వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం, కేసు నడపడానికి తగిన సాక్ష్యం మోదీ గారి మీద లేదని చెప్పింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అది తెలిసి కూడా ఆ మాట అనడం అబద్ధసాక్ష్యమే. అయితే నేరం వేరు, పాలకుడి బాధ్యత వేరు. తన పాలనలో అన్ని వందల మంది చనిపోతే ముఖ్యమంత్రిని జవాబు అడగకూడదా? ఆనాడు అహ్మదాబాద్ వెళ్లి రాజధర్మం గుర్తు చేసింది సొంత పార్టీ ప్రధాని వాజపేయి గారే. ఆయనను క్రైస్తవ పక్షపాతి అని ఎవరూ అనలేరు కదా!

ఇంకొకటి. 2014లో మణిశంకర్ అయ్యర్ గారు మోదీ గారి టీ అమ్మకాన్ని ఎగతాళి చేసినప్పుడు మన గ్రూపుల్లో నవ్వుకున్నాం. 2017లో ఆయనే "నీచ్" అన్న మాట వాడారు. అది కులం గురించి కాదని తరువాత వివరణ ఇచ్చుకున్నారు, కాంగ్రెస్ ఆయనను సస్పెండ్ చేసింది. తరతరాలుగా ఆ మాట పడ్డవాళ్లం మనం. మన తాతలు గుడికి దూరంగా, బావికి దూరంగా నిలబడ్డారు. ఎదుటివాడు ఎవరైనా సరే, ఆ మాటకు మనం నవ్వడం ఎలా కుదిరింది?

ఇక మణిపూర్. ఇక్కడ మేము ఒక్క అడుగు కూడా వెనక్కి వేయము. 2023 మే 3న హింస మొదలైంది. ప్రధాని నోరు విప్పింది జూలై 20న, ఇద్దరు స్త్రీలను వివస్త్రలుగా ఊరేగించిన వీడియో దేశమంతా చూశాక. ఆయన అక్కడ కాలు పెట్టింది 2025 సెప్టెంబరు 13న. రెండు వందల మందికి పైగా చనిపోయారు, సుమారు 60 వేల మంది ఇళ్లు విడిచారు. ముఖ్యమంత్రి ఆయన పార్టీవారే. రెండేళ్లకు పైగా ఎందుకు వెళ్లలేదని అడగడం పక్షపాతం కాదు. ఆ కుర్చీలో ఎవరున్నా అడగవలసిన ప్రశ్న అది.

కానీ మనం ఆ కథను ఎలా చెప్పాం? కాలిన చర్చిల ఫొటోలు మాత్రమే పంచుకున్నాం. అక్కడ కాలిన గుడులూ ఉన్నాయి. మెయితీలూ చనిపోయారు, వాళ్ల తల్లులూ శిబిరాల్లో పడుకున్నారు. మెయితీల్లో క్రైస్తవులు కూడా ఉన్నారు, వాళ్ల చర్చిలనూ తగలబెట్టారు. భూమి, రిజర్వేషన్, జాతుల మధ్య పాత పగలు కలిసిన గొడవను మనం ఒక్క ముక్కలో "క్రైస్తవ హింస" చేసేశాం. ప్రశ్న సరైనదే. మన సాక్ష్యం మాత్రం సగమే.

మన రాష్ట్రం సంగతికి వస్తే ఇంకా ఇబ్బంది. దేశంలో మొదటి మతమార్పిడి వ్యతిరేక చట్టం ఒడిశాలోనే, 1967లో వచ్చింది. అప్పటికి మోదీ గారు ఇంకా కుర్రవాడు. తరువాత మనం ఓట్లు వేసిన కాంగ్రెస్ ఏళ్ల తరబడి పాలించింది, ఆ చట్టాన్ని తీసేయలేదు. 2006లో హిమాచల్‌లో అలాంటి చట్టం చేసింది కూడా కాంగ్రెస్ ప్రభుత్వమే. 2008లో మన పక్క జిల్లా కంధమాల్ తగలబడినప్పుడు భువనేశ్వర్‌లో ఉన్నది బిజెడి, బిజెపి కూటమి. ఢిల్లీలో ఉన్నది యుపిఎ. బిజెపిని తిట్టిన నోటితోనే నవీన్ బాబుకు దండ వేశాం.

దళిత క్రైస్తవుల సంగతి ఇంకా ఘోరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మనల్ని ఎస్సీ జాబితా బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. మనకూ తెరవాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. ఆ నివేదిక తరువాత కాంగ్రెస్ కూటమి ఏడేళ్లు అధికారంలో ఉండీ ఏమీ చేయలేదు. మోదీ ప్రభుత్వం 2022లో ఆ నివేదికనే ఒప్పుకోమని సుప్రీంకోర్టులో చెప్పి, బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇద్దరి చేతిలోనూ మోసపోయాం. ఒక్కరి మీదే కోపం తెచ్చుకున్నాం.

అవతలివాళ్ల వాదనలోనూ తప్పుంది. "ఉజ్వల గ్యాసు తీసుకున్నారు, ఉచిత బియ్యం తింటున్నారు, ఇంకా విమర్శా?" అంటారు. మా సంఘంలో ఆ పొయ్యి మీద వండుకునే అక్కలు ఉన్నారు. పొగ తగ్గిందని వాళ్లే చెబుతారు, మేమూ ఒప్పుకుంటాం. అది పన్ను కట్టే ప్రజల సొమ్ము. ఎవరి నోటికీ తాళం వేసే బిచ్చం కాదు.

ఏలీయా సంగతి చూడండి. నాబోతు ద్రాక్షతోట విషయంలో అహాబును ముఖం మీదే నిలదీశాడు. అదే అహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకున్నప్పుడు దేవుడు ఆ సంగతిని కూడా ఏలీయాకే చెప్పాడు. ప్రవక్త రాజుకు శత్రువు కాడు, రాజు పక్షపువాడూ కాడు. మేము మాత్రం సగం ఏలీయాలమే.

మరుసటి ఆదివారం ఆ తమ్ముడికి ఇవన్నీ చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. తరువాత ఇంకొకటి అడిగాడు: "మరి 2019లో పౌరసత్వ సవరణకు వైసీపీ, టీడీపీ రెండూ ఓటేశాయి కదా. జగన్ గారు మనవాడని మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ప్రార్థనలు చేశారు. ఆయనను ఎవరైనా అడిగారా అయ్యగారూ?"

మేము అడగలేదు. పై నెల కూడికలో ఆ విషయం మీద అతణ్ణే మాట్లాడమన్నాం.