అచ్చంటే నకలు కాదు

లేపాక్షి గుడి పైకప్పు మీది బొమ్మను ఫోనులో తీసి, నిగనిగలాడే కాగితం మీద ఇంక్‌జెట్‌లో దించి, అడుగున పెన్సిల్‌తో సంతకం గీకి ‘ఆర్ట్ ప్రింట్’ అని అమ్ముతున్నారు. అది ఫొటో. ఫొటోకి సంతకం తగిలించి కళాఖండం ధర లాగడం పచ్చి మోసం.

నిజమైన ఆర్ట్ ప్రింట్ వేరు. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌కి ముందు ఎక్కడో ‘అసలు బొమ్మ’ లేదు. ఆయన గీత పుట్టిందే లోహపు రేకు మీద. దేవరాజ్ డాకోజీ లితోగ్రాఫులకీ ముందు ‘అసలు బొమ్మ’ అంటూ లేదు. ఇద్దరూ తెలుగువాళ్ళే. అయినా మన ఇళ్ళలో అచ్చుబొమ్మంటే ఇంకా క్యాలెండర్ లెక్కే.

అచ్చుకి పనికొచ్చే సరుకు మన దగ్గరే ఉంది. సోమందేపల్లి మగ్గాల ఊరు. పట్టుచీర అంచు డిజైనంతా జాకార్డ్ అట్టల్లో చిల్లులై ఉంటుంది. డిజైన్ పాతబడితే ఆ అట్టలు తుక్కు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే! 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన, ఎండతో నీలి అచ్చు వేసే సయనోటైప్‌కి ఆ అట్టకన్నా మంచి మూస ఏముంది? అమ్మోనియం ఫెర్రిక్ సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి మసక వెలుతురులో కాగితానికి పూయండి. ఆరాక పైన అట్ట, అట్ట మీద అద్దం పెట్టి ఎండలో ఉంచండి. తీసి నీళ్ళలో ముంచితే పసుపు కారిపోతుంది. చిల్లులున్న చోటల్లా నీలి చుక్కలు, మిగతాదంతా తెల్లకాగితం. ఆరేకొద్దీ నీలం చిక్కబడుతుంది. అన్నా అట్కిన్స్ 1843లో ఇలాగే సముద్రపు నాచును అచ్చువేసి పుస్తకం మొదలుపెట్టింది. ఇంగ్లండు నాచుకి దక్కిన మర్యాద మన మగ్గం అట్టకి దక్కదా? ఎండకేమైనా కరువా ఇక్కడ?

ఇక ఆఫ్‌సెట్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రెస్సుల యజమానులారా, ఫ్లెక్సీల దెబ్బకి ఆర్డర్లు తగ్గాయని పాత సింగిల్ కలర్ మిషన్‌ని తూకానికి వేయకండి. ఆ నీలి చుక్కల మీద ఎర్రటి అంచు ఒకటి ఆఫ్‌సెట్‌లో ఎక్కించి చూడండి. సయనోటైప్ ముందు, ఆఫ్‌సెట్ తర్వాత. తిరగేస్తే, కడిగేటప్పుడు కాగితం సాగి, రంగుకి రంగు కుదరదు. ఆర్ట్ పేపర్ అసలు పనికిరాదు, మందు పీల్చదు. సుద్ద కలిసిన కాగితమైతే ఆ క్షారం నీలాన్ని తినేస్తుంది. పూత లేని నూలు కాగితమే కావాలి. ప్లేటు మీద నీళ్ళెంత, ఇంకు ఎంత, బ్లాంకెట్ ఒత్తిడెంత అన్నది మిషన్‌మన్ వేళ్ళకి తెలిసినట్టు ఏ చిత్రకారుడికీ తెలియదు. అంత తెలిసినవాణ్ణి కూలివాడిగా లెక్కగట్టి, సంతకం మాత్రం ఇంకొకరు చేస్తారు.

డ్రాయింగ్ మాస్టర్లూ, పిల్లలతో గులాబీ పువ్వు కాపీ కొట్టించడం చాలించండి. ఒక పాత అట్ట, ఒక అద్దం పట్టుకుని బడి వాకిట్లోకి రండి. అచ్చు కింద చిత్రకారుడి పేరు పక్కన అట్ట కొట్టినవాడి పేరు, మిషన్ తిప్పినవాడి పేరు వేయండి. ఆ మూడు పేర్లూ లేని కాగితానికి నేనైతే రూపాయి ఇవ్వను.