బంతికీ జడకీ పగేమిటి?

మా హిందూపురంలో మగపిల్లలకి రొనాల్డో అంటే ప్రాణం. పోర్చుగల్ ఆట ఉందంటే అర్ధరాత్రి దాకా మేలుకుంటారు. కాఫీలు మాత్రం మనం కలపాలి. కలుపుతాం, దానికేం! కానీ అదే ఇంట్లో ఆడపిల్ల "నేనూ ఆడతానమ్మా" అంటే, "కాలు విరిగితే పెళ్లెలా అవుతుందే?" అని గయ్యిమంటారు.

ధర్మవరంలో మగ్గం గుంటలో పొద్దస్తమానం ఆడించినా విరగని కాళ్లు, పెనుకొండ గుట్టెక్కి కట్టెలు మోసినా విరగని కాళ్లు, బంతి తగిలితేనే విరుగుతాయి కాబోలు!

పోర్చుగల్ సంగతే చూడండి. జనాభా కోటి పైచిలుకు. మగవాళ్లు 1966లోనే ప్రపంచ కప్పులో మూడో స్థానం తెచ్చుకున్నారు, 2016లో యూరప్ కప్పు గెలిచారు. ఆడవాళ్లు ప్రపంచ కప్పు గడప తొక్కింది మాత్రం 2023లో! అదైనా, స్పోర్టింగ్ 2016లో, బెన్‌ఫికా 2018లో ఆడవాళ్ల జట్లను బరిలోకి దింపాక. నాలుగుసార్లు జగజ్జేతలైన అమెరికా వాళ్లకి ఒక్క గోలూ ఇవ్వలేదు. ఆఖర్న ఆనా కాపేటా కొట్టిన బంతి గోలు స్తంభానికి తగలకపోయుంటే అమెరికా ఇంటిదారి పట్టేదే.

"వాళ్లు దొరసానులమ్మా" అంటారా? నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. ఆవిడ ఏ దొరగారి కూతురు?

కప్పులేం అక్కర్లేదు ఇప్పుడే. బడి మైదానంలో సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ఆడపిల్లలదే అని హెడ్మాస్టరుగారిని మనమే వెళ్లి అడుగుదాం. మొదట్లో వారానికి రెండు రోజులైనా చాలు.