మార్గం ఖరారు కాకముందే

విజయనగరం జిల్లా శృంగవరపుకోట మండలం దారపర్తి పంచాయతీ కొండ గ్రామాల నుంచి గర్భిణులను డోలీలో దించడం పలుమార్లు వార్త అయింది. రోడ్డు కావాలన్న విషయంలో అక్కడి స్త్రీలకు రెండో మాట లేదు. అయితే ఆ రోడ్డు ఎటునుంచి పోవాలో చెప్పే హక్కు కూడా వాళ్ళకుంది.

శంకుస్థాపనకు చాలా ముందే ఆ సంగతి తేలిపోతుంది. కొండరోడ్డు మామూలుగా 20 మీటర్ల దూరానికి ఒక మీటరు మించి ఎత్తు ఎక్కకూడదని ఇంజనీర్ల లెక్క. కాబట్టి నిటారుగా దిగే కాలిబాట ఉన్నది ఉన్నట్టు రోడ్డు కాదు. మలుపులు తిరిగి, పొడవు పెరిగి, ఎవరి పోడులోంచో, ఎవరి జీడితోటలోంచో పోతుంది. గెడ్డ దాటేచోట వంతెన కడతారా, వరదకు మునిగే కాజ్‌వేతో సరిపెడతారా అన్నదీ అప్పుడే నిర్ణయమవుతుంది. వానాకాలంలో నొప్పులొచ్చిన స్త్రీకి ఆ తేడా ప్రాణంతో సమానం. ఏ గెడ్డ ఎన్నాళ్ళు పొంగుతుందో, ఏ ఊట ఎండాకాలంలోనూ ఇంకదో నీళ్ళు మోసేవాళ్ళకే బాగా తెలుసు.

2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనలు ఈ అనుభవానికి చోటిచ్చాయి. ఇంజనీరు పంచాయతీ పెద్దలతో, గ్రామస్థులతో కలిసి ప్రతిపాదిత మార్గం వెంట నడవాలి. పోయే భూములు, చెట్లు, నీటివనరులు, అభ్యంతరాలు రాసుకున్న తర్వాతే మార్గం ఖరారు చేయాలి. భూసేకరణకు ఈ పథకం డబ్బివ్వదు. అందుకే భూమి ఇచ్చినట్టు రాసే కాగితం మీద ఎవరి సంతకం పడుతుందన్నది చిన్న విషయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంది. అడవిలో హెక్టారు లోపు భూమి తీసుకుని రోడ్డు వేయాలన్నా గ్రామసభ సిఫారసు కావాలంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ సభకు హాజరైనవారిలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి.

నిబంధన ఉన్నంత మాత్రాన అమలు కాదని మనకు తెలియంది కాదు. ఇంజనీరు ఏ రోజు వస్తాడో మన సంఘాలు ముందే కనుక్కోవాలి. కూలి పోతుందని ఆగిపోయే స్త్రీలు, భూమి ఉన్న ఒంటరి స్త్రీలు, మంత్రసానులు, ఆశా కార్యకర్తలు ఆ నడకలో ఉండేలా చూడాలి. వాళ్ళు చెప్పిన మాట పత్రంలోకి ఎక్కిందో లేదో చదివించుకుని, నకలు తీసుకోవాలి. ఎక్కకపోతే గ్రామసభలో తీర్మానం చేయించాలి. టెండరు పిలిచాక చేసే ధర్నా కన్నా ఆ ఒక్కరోజు నడక ఎక్కువ సాధిస్తుంది.