రోహిణి కార్తెలో గుండె లెక్క

కర్నూలు, కడప మైదానాలలో తెల్లవారుజామున వ్యాయామం చేసేవారి మణికట్లను ఒకసారి గమనించండి. కానిస్టేబులు ఎంపికకై 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకుడూ, మధుమేహం అదుపుకై నడిచే అరవయ్యేళ్ళ పెద్దమనిషీ ఒకే రకపు గడియారం ధరించి, అందులో ఒకే అంకెను వెంటాడుతుంటారు. నాడిపై జనానికి ఆసక్తి కలిగినందుకు సంతోషమే. ఆ అంకెను ఆజ్ఞగా స్వీకరించడమే నాకు భయం కలిగిస్తున్నది.

ఈ సాధనం మంచుదేశంలో పుట్టింది. ఫిన్లండ్‌లో 1977లో నెలకొన్న పోలార్ సంస్థ మొదట మంచుపై స్కీయింగు చేసే క్రీడాకారులకోసం దీనిని రూపొందించింది. మనమో, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో దీనిని వాడుతున్నాము. ఎండలో శరీరం చల్లబడడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది. చెమటతో నీరు పోయి రక్తపు పరిమాణం తగ్గుతుంది. ప్రతి స్పందనకూ గుండె తక్కువ రక్తాన్ని తోయగలుగుతుంది కనుక ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. డిసెంబరులో 130 చూపిన నడకే మే నెలలో 145 చూపవచ్చు. మీ కాళ్ళు బలహీనపడలేదు. వేడిమి తన సుంకం తాను వసూలు చేస్తున్నది. అటువంటి రోజున పాత వేగాన్ని పట్టుబట్టి నిలుపుకోకండి. అంకె పెరిగినంత మేర వేగం తగ్గించండి.

ఇక 220 నుండి వయసును తీసివేసే ప్రసిద్ధ సూత్రం. అరవయ్యేళ్ళవారికి 160 వస్తుంది. 2001లో ప్రతిపాదించిన మరొక సూత్రం ప్రకారం, అనగా 208 నుండి వయసులో పదింట ఏడు వంతులు తీసివేస్తే, 166 వస్తుంది. రెండూ సగటులే. ఒకే వయసువారి నడుమ పది పన్నెండు స్పందనల తేడా సర్వసాధారణం. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి రక్తపోటు మాత్రలు వాడేవారికైతే ఈ లెక్క బొత్తిగా పనికిరాదు. ఆ మందు గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది. ఎంత ఆయాసపడినా అంకె 120 దాటకపోవచ్చు. “ఇంకా 140 రాలేదే” అని పరుగు పెంచడం ఎంత అపాయమో, అంకెకోసం మాత్ర మానడం అంతకంటె అపాయం. వారికి నేను చెప్పేది ఒక్కటే: నడుస్తూ మాటలాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు.

కొనదలచినవారికి నా అభిప్రాయం. నడకకు మణికట్టు గడియారం చాలు. అది పచ్చని వెలుతురును చర్మంలోకి పంపి రక్తప్రవాహపు హెచ్చుతగ్గులను లెక్కిస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి బలంగా ఊగినా తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు నాడిని విడిచి అడుగులనే లెక్కపెడుతుంది! మన పల్లెల్లో ముంజేతుల మీద కనిపించే పచ్చబొట్టు కూడా ఆ వెలుతురుకు అడ్డే. ఎముకకు కాస్త పైన, బిగుతుగా కట్టండి. వేగం పెంచుతూ తగ్గిస్తూ పరుగు సాధన చేసే యువకులు ఛాతీకి కట్టుకొనే పట్టీ కొనడం మేలు. అది గుండె విద్యుత్ సంకేతాన్నే గ్రహిస్తుంది. దాని లోపలి వైపు తడిపి కట్టుకోవాలని చాలామందికి తెలియదు.

ఏది కొన్నా, ముందు వారం రోజులు ఉదయం పడక దిగకముందే మణికట్టున రెండు వేళ్ళుంచి 30 సెకన్లు లెక్కించి, రెట్టింపు చేసి వ్రాసుకోండి. అది మీ స్వంత అంకె. తరువాత ఏ రోజైనా అది పది దాకా పెరిగి కనిపిస్తే నిద్రలేమియో, జ్వరమో, నీరు చాలకపోవడమో అయి ఉంటుంది. ఆనాడు పరుగు వద్దు.

నలభై దాటి, మధుమేహమో రక్తపోటో ఉన్నవారు గడియారానికి డబ్బు వెచ్చించకముందే వైద్యునికి చూపించుకొని, అవసరమని ఆయన అంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. రక్తనాళంలోని అడ్డును మణికట్టు గడియారం చూడలేదు. ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, అకారణమైన చెమట కలిగితే గడియారం 78 చూపుతున్నా సరే, నడక ఆపి, ఎవరినైనా తోడు తీసుకొని వెంటనే ఇ.సి.జి. తీసే ఆసుపత్రికి వెళ్ళండి. వాహనం మీరు నడపకండి.