ప్రింటు చూడకుండ షాపు మెట్లు దిగొద్దు

అన్నలూ, తమ్ముళ్లూ, లోను కాగితాలకో ఇంకో పనికో మనం ఉప్పల్ దిక్కు పోతనే ఉంటం. రింగురోడ్డు కాడ బస్సు దిగి, అటు నాచారం దాకా ఏదో ఒక షాపుల పాసుబుక్కు కాపీలు తీయిస్తం. పిలగాడు చేతుల పెట్టంగనే మడిచి జేబుల పెట్టుకుంటం. జర ఆడ ఆగి కాగితం చూడాలె అంటున్న.

ధరణి పోయి 2025ల భూభారతి వచ్చినా, కౌంటర్ మీద అడిగేది కాగితమే. 128/అ ఒకరిది, 128/ఆ ఇంకొకరిది. రెంటికీ తేడా చిన్న తోక. మసక ప్రింటుల ఆ తోక పోతది, 3 కాస్తా 8 లెక్క కనిపిస్తది. బ్యాంకు సారు మళ్ల తెమ్మంటే కూలి పాయె, బస్సు కిరాయి పాయె.

'మిషన్ పాతది అన్నా, గింతే వస్తది' అంటరు. నేనైతే ఒప్పుకోను. లేజర్ ప్రింటర్ల సిరా ఉండదు, పొడి ఉంటది. లేజర్ వెలుగు డ్రమ్ము మీద అక్షరం గీస్తది, ఆడ టోనర్ పొడి అంటి కాగితం మీదికి ఎక్కుతది, ఆఖరికి వేడి రోలరు కరిగించి అతికిస్తది. తప్పు ఏడ జరిగిందో కాగితమే చెప్తది, ఆకు మీది మచ్చ చూసి తెగులు పట్టినట్టే.

నిలువుగ పాలిపోయిన పట్టీ వస్తే చాలాసార్లు టోనర్ అడుగంటినట్టు. కార్ట్రిడ్జి తీసి అడ్డంగ మెల్లగ ఊపితే ఆ పూట గడుస్తది. గీతో చుక్కో జిరాక్సుల మాత్రమే వచ్చి, కంప్యూటర్ ప్రింటుల రాకుంటే, అద్దం మీద మరక. బట్టతోని తుడిస్తే పోతది. రెంట్లనూ నల్లగీత వస్తే డ్రమ్ము గీసుకపోయిందేమో చూడాలె. ఒకటే మచ్చ సమాన దూరంల మళ్ల మళ్ల పడితే స్కేలు పెట్టి కొలవండి. ఆ దూరం ఏదో ఒక రోలరు చుట్టుకొలత. చాలా చిన్న ప్రింటర్లల్ల 75 మిల్లీమీటర్ల కాడ వస్తే అనుమానం డ్రమ్ము మీదనే.

అసలు మోసం వేరే ఉంది. ప్రింటు నల్లగ, అందంగ ఉంటది, వేలుతోని రుద్దితే రాలుతది. పొడి సరిగ కరగలేదన్నట్టు. జేబుల మడత కాడ, సరిగ్గ సర్వే నంబరు మీదనే, తెల్లగ అయితది. వానకాలం నెమ్ము పట్టిన కాగితమో, దళసరి కాగితానికి మామూలు సెట్టింగు పెట్టుడో, వేడి రోలరు పాడైందో కారణం. కొత్త కట్ట విప్పి ఇంకోటి తీయమనండి. అప్పటికీ రాలితే పక్క షాపుకు పోండి. షాపోళ్లకు కాపీ మీద మిగిలేది చిల్లరే, నిజమే. కానీ రాలే కాగితానికి మనం పైసలెందుకియ్యాలె?

మన సంఘం ఆఫీసుల ప్రింటరుకైనా ఇదే లెక్క. మరక పడంగనే కొత్తది కొందాం అంటరు. నాజిల్ జామైతే స్ప్రేయరు మారుస్తమా? కార్ట్రిడ్జి నింపిచ్చుకోను పట్నం పోయినప్పుడు మరక పడ్డ కాగితం గూడ తీస్కపోండి, చూపిస్తే సగం పని అయితది. డ్రమ్మును ఎండల పెట్టొద్దు, వెలుగుకు ఖరాబైతది. రాలిన పొడిని నోటితోని ఊదొద్దు. అంగీకి అంటితే చల్లనీళ్లతోనే కడగండి, వేన్నీళ్లు పోస్తే పొడి కరిగి బట్టకే పట్టుకుంటది.