లీటరు డీజిల్‌లో మన వాటా ఎంత?

దుక్కికి, వరికోత మిషనుకి, పంట మార్కెట్ యార్డుకు తోలడానికి డీజిల్ కొనే ప్రతి రైతూ కేంద్రానికి పన్ను కడుతున్నాడు. అందులో మన రాష్ట్రాలకు తిరిగొచ్చేదెంతో ప్రతి గ్రామ కమిటీకీ తెలియాలి.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం రైతుల పేరు చెప్పి 'వ్యవసాయ మౌలిక సదుపాయాలు, అభివృద్ధి సెస్సు' వేసింది. లీటరు డీజిల్‌పై 4 రూపాయలు. బంకులో రేటు పెరగలేదు కాబట్టి పెద్దగా గొడవ జరగలేదు. కానీ అదే చేత్తో మూల ఎక్సైజు సుంకాన్ని 4.83 రూపాయల నుంచి 1.80కి దించారు. కిటుకంతా ఇక్కడే ఉంది.

కేంద్రం పంచాల్సిన పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అయితే రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. అప్పుడు లీటరుపై కేంద్రం వసూలు చేసింది 31.80 రూపాయలు. పంచాల్సింది 1.80 మాత్రమే. అందులో 41 శాతమంటే అన్ని రాష్ట్రాలకూ కలిపి 74 పైసలు. దానిలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే 3 పైసలు. తెలంగాణది 2.102 శాతం, అంటే ఒకటిన్నర పైసా! 2021 నవంబరులో, 2022 మేలో సుంకం తగ్గించినా ఈ పంచే భాగం పెరగలేదు.

సెస్సు డబ్బు పథకాల రూపంలో రాష్ట్రాలకే వస్తుంది కదా అంటారు. వస్తుంది, షరతులతో వస్తుంది. చాలా పథకాల్లో నూటికి 40 రాష్ట్రమే వేసుకోవాలి. దేనికి ఖర్చు పెట్టాలో ఢిల్లీ చెబుతుంది. వ్యవసాయం మాత్రం రాష్ట్ర జాబితాలో ఉంది. కాలువ పూడిక తీయాలన్నా, ఉచిత కరెంటు ఇవ్వాలన్నా రాష్ట్ర ఖజానాయే దిక్కు. ధర్నాకు కూర్చుంటే 'నిధుల్లేవు' అనే జవాబు వచ్చేది ఇందుకే.

అలాగని రాష్ట్ర ప్రభుత్వాలను వదిలేది లేదు. అదే డీజిల్‌పై వ్యాట్ బాదుతున్నది వాళ్లే. ఢిల్లీని వాటా అడిగే నోళ్లు పంచాయతీల వాటా దగ్గర మూతపడుతున్నాయి.

మన డిమాండ్లు ఇవి: రాజ్యాంగాన్ని సవరించి సెస్సులను, సర్‌చార్జీలను పంపకంలో చేర్చాలి. అప్పటిదాకా వాటికి పరిమితి పెట్టాలి. వ్యవసాయ సెస్సు ఏ జిల్లాలో ఎంత ఖర్చయిందో ఏటా ప్రకటించాలి. రాష్ట్రాలు సాగు డీజిల్‌పై వ్యాట్ తగ్గించాలి.

ఎంపీ మీ ఊరొచ్చినప్పుడు బంకు రసీదు చూపించి ఒక్క మాట అడగండి: మా రాష్ట్రానికి పైసల్లోనేనా వాటా?